పదిహేడో నంబరు కార్మికుడు

నాచారంలో కరెంటు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఒకటుంది. దాని పైన రెండు గదుల్లో ఒక అంతర్జాతీయ పరిశోధన పత్రిక నడిచేది. అంతర్జాతీయం అన్నది బోర్డు మాట. దాన్ని చదివేవాళ్లంతా అందులో రాసినవాళ్లే, అదీ తమ పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకునే వరకే. ఎడిటర్ విక్రమ్, పబ్లిషర్ విక్రమ్, వెబ్‌సైట్ చూసుకునేదీ విక్రమే. వెబ్‌సైట్‌లో ‘మా నైతిక ప్రమాణాలు’ అని పదకొండు సూత్రాల పేజీ ఉండేది. ఇతరుల రచన కాపీ కొడితే సహించబోమని అందులో ఆరో సూత్రం. ఆ పదకొండు సూత్రాలూ అతను ఇంకో పత్రిక నుంచి ఎత్తి తెచ్చినవే. ఎంత శ్రద్ధగా ఎత్తాడంటే, తొమ్మిదో సూత్రంలో ఆ పత్రిక పేరు అట్లాగే ఉండిపోయింది.

మిగిలిన పనంతా స్వర్ణలత చేసేది. ఆమెది ఉప్పల్. ఇంటర్ రెండుసార్లు తప్పి, ఒక జిరాక్స్ దుకాణంలో థీసిస్‌లు టైపు చేసే పనిలో చేరి, పద్నాలుగేళ్లు అక్కడే కూర్చుంది. ఆ దుకాణం మూతపడ్డాక పేజీలు సర్దే పనికి విక్రమ్ దగ్గరికి వచ్చింది. ఎవరైనా ఇంగ్లిష్‌లో పలకరిస్తే మూతి బిగించేది గానీ, ఊరందరి పరిశోధనలూ అక్షరం అక్షరం కొట్టీ కొట్టీ, ‘ఈ నిర్ధారణకు ఆధారమేమిటో రచయిత వివరించవలెను’ వంటి ఇంగ్లిష్ వాక్యాలు ఆమె వేళ్లకు వాటంతట అవే వచ్చేవి. బుర్రతో పని లేకుండా వేళ్లు నేర్చుకున్న చదువు అది.

ఆ చదువు అక్కరకొచ్చే రోజు వచ్చింది. పరిశోధన పత్రికల్లో ఒక పద్ధతుంది. ఎవరైనా వ్యాసం పంపితే ఆ విషయం తెలిసిన ఇద్దరికి చూపించాలి, వాళ్లు తప్పులు పట్టాలి, ఆ ఇద్దరెవరో రాసినవాడికి తెలియకూడదు. వాళ్లను రివ్యూయర్లంటారు. విక్రమ్ ఆ గొడవే పెట్టుకోలేదు. ఫీజు కట్టినవాడి వ్యాసం వారంలో వచ్చేసేది. కానీ నిరుటి నుంచి కాలేజీలు తెలివి మీరాయి. ప్రమోషన్‌కు వ్యాసం ఒక్కటే చూపిస్తే చాలదు, రివ్యూయర్లు ఏమడిగారో, మీరేం జవాబు చెప్పారో ఆ కాగితాలు కూడా పెట్టమంటున్నాయి. విక్రమ్ రెండు రోజులు తల గోక్కుని, మూడో రోజు స్వర్ణలత బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు.

“అక్కా, జర సాయం జెయ్యాలె. మొదటి రివ్యూయర్ నేనైతా. మంచిగున్నది, మస్తున్నది, అచ్చెయ్యుండ్రి అని రాస్తా. రెండో రివ్యూయర్‌వి నువ్వు. నువ్వు జర సతాయించాలె.”

“నాకేం తెలుసు సార్?”

“సతాయించనీకి తెలుసుడెందుకక్కా? మా మామ సతాయిస్తలేడా?”

జాబితాలో పెట్టడానికి ఒక పేరు కావలసి వచ్చింది. అలుపన్నది లేకుండా తప్పులు పట్టే మనిషి స్వర్ణలత ఎరుకలో ఒక్కరే, అత్తగారు మల్లవ్వ. ఆ పేరే చెప్పింది. విక్రమ్ దాన్ని అటూ ఇటూ లాగి ‘ప్రొఫెసర్ ఎం. అల్లావా, ఫిన్లాండ్’ అని పెట్టాడు. లాలాపేట్‌లో కూతురింట కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్న మల్లవ్వకు తాను ఫిన్లాండ్‌లో ఉన్న సంగతి ఈ రోజు వరకూ తెలియదు.

మొదట్లో స్వర్ణలత రెండు ముక్కలు రాసి ఊరుకునేది. ఒకరోజు ఒక సర్వే వ్యాసం వచ్చింది. ‘వంద మందిని అడిగితే నూట నాలుగు మంది సంతృప్తి వెలిబుచ్చారు’ అని ఉంది. ఆమెకు నవ్వొచ్చి, ‘మిగతా నలుగురు ఎక్కడి నుంచి వచ్చి సంతృప్తి పడ్డారో రచయిత తెలుపవలెను’ అని రాసింది. రాసినాయన వణికిపోయి నాలుగు పేజీల క్షమాపణ పంపాడు. తర్వాత బోరు నీళ్ల మీద ఒక వ్యాసం. ‘నలభై బోర్లు పరీక్షించారు సరే, ఏ నెలలో? ఎండకాలపు బోరుకూ వానకాలపు బోరుకూ ఒకటే లెక్కా?’ అంది. ఉప్పల్‌లో ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడ్డ మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఆ లెక్చరర్ నాలుక్కరుచుకుని ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లి నీళ్లు పట్టుకొచ్చాడు. చూస్తూ చూస్తూనే ఆమెకు ఆ పనిలో రుచి పుట్టింది. ఫిన్లాండ్ ఆయన మహా కచ్చితం మనిషని రచయితల్లో పేరు పాకింది. విక్రమ్ మీసం దువ్వుకున్నాడు.

అట్లా సాఫీగా సాగుతుండగా, మొన్నటి జులైలో ప్రొఫెసర్ ప్రశాంత్ వ్యాసం వచ్చింది. బోడుప్పల్ అవతల ఒక ప్రైవేటు కాలేజీలో ఆయన పెద్ద సారు. ప్రిన్సిపాల్ పదవికి నెలాఖరు సోమవారం ఇంటర్వ్యూ ఉంది, దానికి ఒక్క వ్యాసం తక్కువైంది. చిన్న పరిశ్రమల్లో మోత వల్ల కార్మికుల చెవులు ఎట్లా పాడవుతున్నాయి అన్నది విషయం. స్వర్ణలత పేజీలు సర్దుదామని ఫైలు తెరిచింది. నాలుగో పేజీలో ఒక పట్టిక కనపడింది. ఎక్కడిదో పాత కాగితం ఫోటో తీసి అతికించినట్టుంది. చుట్టూ జంట గీత, తల గడికి బూడిద రంగు. ఆ వాటం చూడగానే ఆమె చేతులు ఆగాయి. అది ఆమె చేతి పనే.

నంబర్ల వరుస మీదికి చూపు వెళ్లింది. పద్నాలుగు, పదిహేను, పదహారు, పద్దెనిమిది. పదిహేడు లేదు. పదిహేడును తీసేసింది తనే మరి.

ఎనిమిదేళ్ల కిందటి మాట. కమలకుమారి అని ఒక పరిశోధక విద్యార్థిని జిరాక్స్ దుకాణానికి వచ్చేది. చెవులు పరీక్షించే మిషను భుజాన వేసుకుని మల్లాపూర్ ఫ్యాక్టరీ షెడ్లన్నీ తిరిగి, అరవై మంది కార్మికులను పరీక్షించింది. ఎవరికీ ఇబ్బంది రాకూడదని పేర్లు ఎక్కడా రాసుకోలేదు, నంబర్లే. పరీక్షించిన ప్రతి మనిషికీ అతని నంబరు, చెవుల ఫలితం రాసి సంతకం పెట్టిన చీటీ ఇచ్చింది. స్వర్ణలతను అక్కా అని పిలిచేది, తెచ్చుకున్న టిఫిన్‌లో సగం ఆమెకు పెట్టేది. థీసిస్ రేపు ఇవ్వాలనగా, స్వర్ణలత తండ్రి పోశయ్య దుకాణానికి వచ్చాడు. ఆయన రేకులు కొట్టే ప్రెస్ మీద పనిచేసేవాడు. అరవై మందిలో ఆయనొకడు.

“బిడ్డా, గా పుస్తకంల నా చెవుల సంగతి ఉన్నదట గద. మా సేటు కంట్ల వడితె నన్ను పనిల కెళ్లి తీసేస్తడు. నువ్వే దాన్ని తీసెయ్యి.”

“పేరు లేదు నాయినా. నంబరే ఉన్నది.”

“యాభై రెండేండ్లు, ప్రెస్ మీద ఇరవై ఏడేండ్లు అని రాసుండ్రి. గంత పాతోణ్ని షెడ్డుల నేనొక్కణ్నే. ఇంక పేరెందుకు?”

మాట నిజమే. చెల్లెలి చదువు ఇంకా నడుస్తోంది, ఇల్లు గడిచేది ఆయన పని మీదే. స్వర్ణలత ఒక్క వరుస తీసేసింది. నంబర్లు సరిచేయాలంటే కింద నలభై మూడు గళ్లు మార్చాలి, అంత తీరిక లేదు. అరవై మందిలో ఒక్కడు లేకపోతే కొంపలేం మునుగుతాయి అనుకుని ప్రింటు కొట్టి ఇచ్చేసింది. కమలకుమారి ఆ తర్వాత మళ్లీ దుకాణానికి రాలేదు. డాక్టరేట్ వచ్చి పెద్ద ఉద్యోగంలో చేరి ఉంటుందని స్వర్ణలత అప్పుడప్పుడు అనుకునేది.

ఇప్పుడు చూస్తే ఆ పట్టిక ఇక్కడ తేలింది. కమలకుమారి పేరు వ్యాసంలో ఎక్కడా లేదు. అరవై అన్నచోటల్లా యాభై తొమ్మిది అని దిద్ది ఉంది. ప్రశాంత్ అన్న పేరు కూడా ఆమెకు కొత్తది కాదు. ఆనాటి థీసిస్ మొదటి పేజీలో పర్యవేక్షకులు అని తను కొట్టిన పేరే అది.

“సార్, గిది ఈయన పని కాదు. వేరే మేడం చేసింది,” అంది విక్రమ్‌తో.

“నీకెట్ల తెలుసు? సబూత్ ఉన్నదా?”

రుజువు చూపాలంటే స్వర్ణలత తను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి నోరు రాలేదు. మూసుకుని కూర్చోవడానికి మనసు రాలేదు. రెండో రివ్యూయర్ అనే ముసుగు ఉండనే ఉంది కదా అనుకుని, ఫిన్లాండ్ నుంచి మొదలుపెట్టింది.

‘పట్టికలో పదహారు తర్వాత పద్దెనిమిది ఉన్నది. పదిహేడో కార్మికుడు ఏమయ్యాడో రచయిత తెలుపవలెను.’

రెండు రోజుల్లో జవాబొచ్చింది. పదిహేడో కార్మికుడు సొంత కారణాల వల్ల అధ్యయనం నుంచి తప్పుకున్నాడట.

‘ఆ కారణాలకూ మోతకూ సంబంధమున్నదా? లేదని ఎట్లా నిర్ధారించారు?’

ఈసారి జవాబు కాస్త బలిసింది. కార్మికుడు వరి కోతల కోసం కరీంనగర్ జిల్లాలోని స్వగ్రామానికి వెళ్లాడు, అతనికి అక్కడ రెండెకరాలు ఉంది.

‘ఊరికి వెళ్లకముందే పరీక్ష జరిగి ఉండవలెను. ఫలితమేది? వెళ్లిన తర్వాత అయితే, అతను తిరిగి రాలేదా?’

విక్రమ్ మొత్తుకున్నాడు. “అక్కా, ఆయన దినాం ఫోన్ జేస్తుండు. ఇగ చాలియ్యి. సతాయించుమన్న గని సంపుమన్ననా?”

చంపింది స్వర్ణలత కాదు. మూడో జవాబులో ఆ పని ప్రశాంతే చేశాడు. ‘పరీక్ష జరగకముందే ఆ కార్మికుడు తన స్వగ్రామంలో అకాల మరణం చెందాడు. ఆయన పవిత్ర స్మృతికి ఈ వ్యాసాన్ని అంకితం చేస్తున్నాము.’

స్వర్ణలత ఆ సాయంత్రం షేర్ ఆటోలో ఉప్పల్ దాకా తనలో తను నవ్వుకుంటూనే వెళ్లింది. పక్కన కూర్చున్నావిడ అనుమానంగా జరిగి కూర్చుంది. తల్లి పోయిన దగ్గర్నుంచి పోశయ్య ఆమె ఇంట్లోనే ఉంటున్నాడు. వీధి చివరికి వినపడేలా టీవీ పెట్టుకుని పల్లీలు తింటున్నాడు.

“నాయినా, నువ్వు సచ్చిపోయినవట,” అని చెవి దగ్గర అరిచింది.

“ఎవలు?”

“నువ్వే.”

“ఎప్పుడు?”

“వరి కోతలకు ఊరికి పోయి.”

పోశయ్య ఇంకో పల్లీ ఒలిచాడు. “మనకు పొలమేడిది?”

ఆమె మొత్తం కథ చెప్పింది. ఆయన సగం విని, సగం ఆమె మొహం చూసి అర్థం చేసుకున్నాడు. లేచి వెళ్లి, రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు తెచ్చి, అందులోంచి నాలుగు మడతల చీటీ తీశాడు. నంబరు పదిహేడు. తేదీ, కుడి చెవి అరవై రెండు, ఎడమ చెవి అరవై ఎనిమిది. ఆ అంకె ఎంత పెరిగితే చెవి అంత పోయినట్టు. కింద కమలకుమారి సంతకం. ఇన్నాళ్లూ దాచావా అని స్వర్ణలత అడిగితే, సంతకమున్న కాగితం ఎవరైనా పారేస్తారా అన్నాడు.

“సేటుకు ఎరుకైతదని నువ్వు ఎంత భయపడ్డవో యాదికున్నదా?” అందామె.

“సేటుకు ఎన్నడో ఎరుకే. పని మానేసే దినం ఆయనే చెప్పిండు. చెవిటోనికి మోతతోని లొల్లి లేదని నన్ను ప్రెస్ మీదనే ఉంచిండట.” పోశయ్య నవ్వి మళ్లీ పల్లీలు అందుకున్నాడు. స్వర్ణలత మాత్రం నవ్వలేదు. ఉత్త పుణ్యానికి ఆ వరుస తీసేశానే అనుకుంటూ చీటీని మళ్లీ అవే మడతల్లో పెట్టింది.

మర్నాడు పాత డైరీలోంచి నంబరు వెతికి కమలకుమారికి ఫోన్ చేసింది. బోడుప్పల్‌లో ఒక బడిలో సైన్సు చెబుతున్నానంది ఆమె. బడా? అని స్వర్ణలత మనసులో ఏదో తట్టింది. మధ్యాహ్నం బెల్లు వేళకు అక్కడికి వెళ్లింది. కమలకుమారి జుట్టు ముందు భాగం నెరిసింది. చేతికి సుద్దపొడి. చూడగానే “అక్కా” అంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది, టిఫిన్ డబ్బా తెరిచి సగం మూతలో పెట్టి ముందుకు జరిపింది.

“థీసిస్ యూనివర్సిటీకి పోనే లేదక్కా,” అంది ఆమె మామూలుగా. “అరవై అని రాసినవు, పట్టికల యాభై తొమ్మిదే ఉన్నయి, లెక్కలు వండినవు అన్నడు సారు. యూనివర్సిటీకి పంపితే నీ పేరు ఖరాబైతది అన్నడు. నా రాత కాగితాలన్నీ ఆయన దగ్గర్నే ఉండె. డిపార్ట్‌మెంట్ మారినప్పుడు పోయినయట. ఆ ఒక్క మనిషిని నేనే ఎక్కడనో పోగొట్టిన అనుకున్న. మల్లాపూర్ పోయి షెడ్డు షెడ్డు తిరిగిన. పేర్లు రాయొద్దని నియమం పెట్టుకున్నది నేనే గద, ఎవర్నని అడగాలె? పదిహేడో చీటీ ఎవరిదంటె ఎవ్వరూ బయటికి రాలే. ఇప్పటికీ ఎప్పుడన్న పదహారు మందిని లెక్కవెట్టి ఆగిపోత.”

స్వర్ణలత చేతిలోని ముద్ద మళ్లీ మూతలో పెట్టేసింది. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని లోపల ఎవరో పొడుస్తున్నారు. కానీ కమలకుమారి చెయ్యి మళ్లీ తన చేతి మీద ఉంది. ప్రశాంత్ వ్యాసం సంగతి, చీటీ సంగతి చెప్పింది, వరుస తీసేసిన సంగతి మాత్రం మింగేసింది. చీటీ చూపించి సారును పట్టిస్తే కమలకుమారి పని కమలకుమారికి దక్కుతుంది, మధ్యలో తన తప్పు ఎత్తాల్సిన అవసరమే రాదు అని లెక్క వేసుకుంది. ఎంత చక్కని లెక్క. శనివారం ప్రశాంత్ సారే ఆఫీసుకు వస్తున్నాడు, మీరూ రండి మేడం అని చెప్పి వచ్చేసింది.

శనివారం పదకొండింటికి ప్రశాంత్ మిఠాయి డబ్బాతో మెట్లెక్కాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. కింద దుకాణంలో మోటారు గుర్రుమంటోంది. కమలకుమారి లోపలి గదిలో ఉంది. పోశయ్య గోడవారన స్టూలు మీద కూర్చున్నాడు.

“సోమవారం ఇంటర్వ్యూ ఉంది విక్రమ్ గారూ. మీ ఫిన్లాండ్ ఆయనకు ఇంకా ఏం కావాలె? చనిపోయినోణ్ని తెచ్చి చూపియ్యమంటడా?”

“ఆయన గదే అడుగుతుండు సార్,” అంది స్వర్ణలత. “తెచ్చినం.”

“ఎవర్ని?”

“పదిహేడో నంబరును. ఊరికి పోయిండు, కోతలు కోసిండు, సచ్చిపోయిండు, ఇయ్యాల పొద్దుగాల రెండు ఇడ్లీలు తిని వచ్చిండు. నాయినా, చీటీ సూపెట్టు.”

పోశయ్య లేచి చీటీ విప్పి బల్ల మీద పెట్టి, దాని మడతలు అరచేత్తో సాపు చేశాడు. విక్రమ్ మెడ చాచి చూశాడు. చీటీ సంగతి అతనికి ఇప్పుడే తెలుస్తోంది. లోపలి గది తలుపు దగ్గర కమలకుమారి వచ్చి నిలబడింది. ప్రశాంత్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. స్వర్ణలత మనసు గాల్లో తేలింది. అయిపోయింది, సారు దొరికిపోయాడు అనుకుంది.

కానీ ఆయన ఊరికే ప్రొఫెసర్ కాలేదు. చీటీ చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు. చదువుతుంటే మొహానికి రంగు తిరిగొచ్చింది.

“మంచిది. ఈయన చెవులు పరీక్ష చేసింది కమలకుమారే కదా? సంతకం కూడా ఉంది. మరి థీసిస్‌లో ఈయన ఎందుకు లేడు? పరీక్ష చేసి కూడా తీసేసిందన్నట్టు. నచ్చని అంకె ఉంటే దాచేసిందన్నట్టు. ఎనిమిదేండ్ల కింద నేను చెప్పింది ఇదే. లెక్కలు దిద్దిన మనిషిని నేను కాపాడిన, యూనివర్సిటీకి చెప్పకుండ. చెప్పమంటరా ఇప్పుడు?”

కమలకుమారి చీటీ వైపు చూస్తోంది. తన సంతకం, తన అక్షరాలు, తన అంకెలు. “నేను తియ్యలే సార్,” అంది. ఆ మాట ఆమెకే గట్టిగా వినపడినట్టు లేదు. ఆ వరుస ఎందుకు లేదో ఆమెకు తెలియదు, ఏమని వాదిస్తుంది? కాపాడుతుందని తెచ్చిన చీటీయే ఆమె మెడకు చుట్టుకుంది. తెచ్చింది స్వర్ణలత.

మల్లవ్వ పేరు, ఫిన్లాండ్, ముసుగు, ఏవీ ఇప్పుడు పనికిరావు.

“నేనే తీసేసిన,” అంది స్వర్ణలత.

కమలకుమారి తల తిప్పింది.

“మా నాయిన భయపడ్డడు. తీసెయ్యుమన్నడు. టైపు చేసేటప్పుడు ఆ వరుస నేనే తీసేసిన. మేడం కాగితంల ఉండె, నేను కొట్టిన పేజీల లేదు. మేడంకు చెప్పలే. మొన్న బడి కాడ గూడ చెప్పలే. గిప్పుడు సారు గిట్ల అనకపోతే గిప్పుడు గూడ చెప్పకపోయేదాన్ని.”

చివరి మాట అనాల్సిన అవసరం లేదు. అది నోట్లోంచి అట్లా వచ్చేసింది. కమలకుమారి ఆమె వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు కంటే నాలుగు తిట్లు తిన్నా బాగుండేదని స్వర్ణలతకు అనిపించింది.

“టైపిస్ట్ మాట ఎవరు నమ్ముతరు?” అన్నాడు ప్రశాంత్, కానీ ఆ గొంతులో ఇందాకటి పట్టు లేదు.

అప్పుడు కమలకుమారే ముందుకు వచ్చింది. “నా మాట వదిలెయ్యుండ్రి సార్. పరీక్ష చేసినట్టు చీటీ ఉన్నదని మీరే అంటుండ్రు. మరి పరీక్షకు ముందే సచ్చిపోయిండని రాసింది ఎవరు? రెండెకరాలు ఇచ్చింది ఎవరు?”

పోశయ్యకు మాటలేవీ సరిగ్గా అందలేదు గానీ, తన వంతు వచ్చిందని మాత్రం తెలిసింది. ప్రెస్ మీద ముప్ఫై ఏళ్లు అరిచిన గొంతుతో అడిగాడు. “సారూ, నన్నెందుకు సంపినవు? నేను నీకేం జేసిన?”

కింద మోటారు ఆగిపోయింది. వైండింగ్ చేసే వాళ్లిద్దరు ఎవరినో చంపుతున్నారనుకుని మెట్లెక్కి వచ్చేశారు. గుమ్మంలో అంతమందిని చూసి ప్రశాంత్ మిఠాయి డబ్బా అక్కడే వదిలి, వాళ్ల మధ్య నుంచి దారి చేసుకుని దిగిపోయాడు. సాయంత్రానికి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని మెయిలొచ్చింది.

విక్రమ్ ఆ రాత్రి అన్నం తిన్నాక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన పదకొండు నైతిక సూత్రాలు తెరిచి చదివాడు. కాపీ కొట్టినవాడి సంగతి అతని సంస్థకు తెలియజేయాలని ఏడో సూత్రంలో ఉంది. ఒక్క వ్యాసమైనా తిప్పి పంపని పత్రికకు పరువేముంటుందన్న ఆలోచన కూడా అతనికి వచ్చింది. ఏ ఆలోచన ఎక్కువ పనిచేసిందో చెప్పలేం గానీ, మూడు జవాబులూ, చీటీ ఫోటో, స్వర్ణలత చేత రాయించి సంతకం పెట్టించిన కాగితం ఆదివారమే ఆ కాలేజీకి వెళ్లిపోయాయి. సోమవారం ఇంటర్వ్యూ జరిగింది. అందులో ప్రశాంత్ పేరు పిలవలేదు. విక్రమ్ తొమ్మిదో సూత్రంలో పత్రిక పేరు కూడా దిద్దాడు.

కమలకుమారి ఆ శనివారం స్వర్ణలతతో ఒక్క మాటా మాట్లాడకుండానే వెళ్లిపోయింది. స్వర్ణలత రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోసారి చేయడానికి ఆమెకు మొహం చెల్లలేదు. రెండో రివ్యూయర్ పని కూడా మానేసింది. విక్రమ్ ఎంత బతిమాలినా, ముందు నా తప్పులు పట్టే మనిషిని వెతుక్కుంటున్నా సార్ అంది.

మూడు వారాల తర్వాత, ఆదివారం పొద్దున, ఉప్పల్‌లో తలుపు చప్పుడైంది. భుజానికి సంచి, చేతిలో కాగితాలతో కమలకుమారి. పోయాయన్న ఆమె రాత కాగితాలను కాలేజీ వాళ్లు ప్రశాంత్ బీరువాలోంచి తీయించి పంపారు. స్వర్ణలతను దాటుకుని నేరుగా పోశయ్య ముందు స్టూలు వేసుకుని కూర్చుంది.

“కాకా,” అని చెవి దగ్గర గట్టిగా అంది. “నీ చెవుల లెక్క మళ్ల పుస్తకంల రాస్త. పేరు రాయ. నీకు ఇష్టమేనా? ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు, రాయ.”

పోశయ్య కూతురి మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. “రాయి బిడ్డా. ఇగ నన్ను పనిల కెళ్లి ఎవడు తీసేస్తడు?” అన్నాడు. కమలకుమారి చూపించిన చోట నిదానంగా సంతకం పెట్టాడు.

అప్పుడామె సంచిలోంచి లాప్‌టాప్ తీసి స్వర్ణలత ముందు పెట్టింది. “కొట్టు,” అంది.

అరవై వరుసల పట్టిక. స్వర్ణలత మొదటి నుంచి కొట్టుకుంటూ వచ్చింది. కమలకుమారి వెనక నిలబడి ఒక్కో అంకెనూ కాగితంతో పోల్చి చూసింది. పదిహేడు వచ్చింది. యాభై రెండు, ఇరవై ఏడు, అరవై రెండు, అరవై ఎనిమిది. పట్టిక అయ్యాక కింద ఒక పేరా ఉంది. తొలి ప్రతిలో ఈ వరుస ఎందుకు లేకుండా పోయిందో, ఎవరు తీసేశారో అందులో రాసి ఉంది.

“నా పేరు గూడ కొట్టాల్నా మేడం?”

“కొట్టాలె. ఈసారి అసలు పత్రికకు పంపుతున్న. వాళ్ల రివ్యూయర్లు అడుగకముందే చెప్పాలె.”

స్వర్ణలత తన పేరు కొట్టింది. ఇన్నేళ్లలో ఎవరి పరిశోధనలోనూ ఆమె పేరు పడలేదు. మొదటిసారి పడింది ఇట్లా. కళ్లు తుడుచుకుని, “మేడం, నన్ను మాఫ్ జేసిన్రా?” అని అడిగింది.

“ముందు లెక్కలు కలువనియ్యి.”

పోశయ్య మంచం మీంచి లేచి వచ్చి తెర మీదికి వంగాడు. కమలకుమారి పదిహేడో వరుస మీద వేలు పెట్టి చూపించింది. ఆయన కళ్లు చికిలించి ఆ అంకెలు కూడబలుక్కుని చదివాడు.

“అరవై రెండు, అరవై ఎనిమిది. మా ఇంట్ల గిన్ని మార్కులు ఎవలకూ రాలే,” అన్నాడు కూతురి వైపు చూస్తూ.

స్వర్ణలతకు నవ్వొచ్చింది, ఆపుకుంది. కమలకుమారి నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చుని, రాత కాగితం ఒళ్లో పెట్టుకుని, పెన్ను మూత తీసింది.

“మళ్ల మొదటి నుంచి సదువక్కా,” అంది.